మేకుకు వేలాడే ఆసుపత్రి సంచి



గుంటూరు దగ్గర చేబ్రోలులో గానీ, చుట్టుపక్కల మరే ఊళ్లో గానీ ఒక ఇంటికి వెళ్లి "పెద్దాయన ఆసుపత్రి కాయితాలు ఏవమ్మా?" అని అడిగితే ఇల్లాలు వెతుక్కోదు. నేరుగా మధ్యగదిలోకి వెళ్లి, గోడ మేకుకు వేలాడే సంచి తీసుకొస్తుంది. తెనాలిలో ఏ బట్టల కొట్లోనో పెళ్లి చీరలతో పాటు ఇంటికి వచ్చిన సంచి అది. పిడి ఒకటి తెగితే ముడి వేసి ఉంటుంది. లోపల చుట్ట చుట్టిన ఎక్స్‌రే ఫిల్ము, ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీలు, బీపీ రాసిన కార్డు, గుంటూరు కొత్తపేటలో ప్రైవేటు డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ, రేషన్ కార్డు జిరాక్సు, ఆరోగ్యశ్రీ కార్డు. అట్టడుగున మనవడి టీకాల కార్డు.

ఆ సంచిని మంచం మీద బోర్లిస్తే, దేశంలో వైద్యం ఏర్పాటు ఎన్నిసార్లు మారిందో వరసగా కనపడుతుంది. ఓపీ చీటీ స్వాతంత్ర్యానికి కాస్త ముందు మొలిచిన ఆలోచన. ఆరోగ్యశ్రీ కార్డు 2007 నాటిది. ప్రైవేటు డాక్టరు చీటీ వెనక ఇంకో కథ ఉంది. కొత్త కాయితం వచ్చిందని పాతదాన్ని ఎవరూ పారేయలేదు. సంచి లావెక్కిందంతే. అది అలా ఎందుకు లావెక్కిందో కాసేపు చూద్దాం.

అన్నిటికంటే పాత కాయితం మాత్రం ఆ సంచిలో పట్టదు. అది రాతి మీద ఉంది.

కృష్ణ ఒడ్డున మందడం పక్కనున్న మల్కాపురంలో, తల మీద నంది కూర్చున్న ఒక శాసన స్తంభం ఉంది. క్రీస్తుశకం 1261 నాటిది. కాకతీయ గణపతిదేవుడు మందర గ్రామాన్ని, ఆయన కూతురు రుద్రమదేవి వెలగపూడిని శైవగురువు విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఆ దానాన్ని ఆయన మూడు వాటాలు వేశాడు. ఒకటి శివాలయానికి, ఒకటి మఠానికి, చదువుకునే పిల్లలకు. మూడో వాటా ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి. పురుడు పోయడానికి విడిగా ఒక శాల ఉండాలని, దాని ఖర్చు ఫలానా రాబడి నుంచి రావాలని ఏడున్నర శతాబ్దాల కిందటే లెక్క కట్టి చెక్కించారు. 1323లో ఓరుగల్లు పడింది. రాజు ఇచ్చిన ఊళ్ల మీద బతికే ఏర్పాట్లకు ఆ అండ పోయింది.

తర్వాత చాలాకాలం పల్లెల్లో వైద్యమంటే ఊరి వైద్యుడు, మంత్రసాని, అమ్మవారి జాతర. గుంటూరుకు ఇంగ్లీషు వైద్యం స్త్రీల వైపు నుంచి బలంగా వచ్చింది. 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున అన్నా సారా కుగ్లర్ అనే ఆమె ఈ ఊరికి వచ్చారు. ఆమె డాక్టరు చదువు చదివి వచ్చినా మిషన్ వాళ్లు మొదట అప్పగించింది బోధన పని. కానీ ఘోషా ఇళ్లలో ఆడవాళ్లు మగ డాక్టరుకు నాడి కూడా చూపించని రోజులవి. ఆడ డాక్టరు ఒకరు ఊళ్లో ఉన్నారన్న కబురు పాకాక ఆమెను బడికి పరిమితం చేయడం మిషన్‌కు సాధ్యం కాలేదు. 1898లో ఆసుపత్రి లేచింది. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. ఇప్పటికీ ఆటో ఎక్కి "కుగ్లర్ ఆసుపత్రి" అంటే చాలు, డ్రైవరు దారి అడగడు.

పెద్దవాళ్ల నోట ఇంకా వినపడే మాట ధర్మాసుపత్రి. మద్రాసు రాజధాని కాలంలో స్థానిక బోర్డులు నడిపిన లోకల్ ఫండ్ దవాఖానాలను జనం అలా పిలిచారు. నిజానికి అక్కడ జరిగింది ధర్మం కాదు. రైతు కట్టిన సెస్సుతోనే అవి నడిచాయి. అయినా డబ్బు అడగని ఆసుపత్రి కాబట్టి ఆ పేరు పడింది. తన డబ్బుతో నడిచేదాన్నే జనం దానం అనుకున్నారు. ఈ మాటను గుర్తు పెట్టుకోవాలి, మళ్లీ దీనితో పని పడుతుంది.

అప్పటికే ఇప్పటి తలనొప్పి ఒకటి మొదలైంది. డాక్టరు పట్నంలో, రోగి పల్లెలో. మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వానికి నాయకుడు పానగల్ రాజా రామరాయణింగారు, మన తెలుగాయనే. ఆయన హయాంలో 1924 ప్రాంతంలో ఒక పథకం పెట్టారు. చదువుకున్న డాక్టరు పల్లెలో కాపురం పెడితే ప్రభుత్వం ఏటా కొంత డబ్బిస్తుంది, పేదలకు ఊరికే చూడాలి, కలిగినవాళ్ల దగ్గర ఫీజు తీసుకోవచ్చు. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ వైద్యాలకు మద్రాసులో బడి తెరిపించిందీ ఆ ప్రభుత్వమే. ఆ పథకం ఎప్పుడో పోయింది. పల్లెకు రాని డాక్టరు ఖాళీ మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ఖాళీలో ఆర్‌ఎంపీ, అంటే డిగ్రీ లేకుండానే వైద్యం చేసే ఊరి డాక్టరు, కుదురుకున్నాడు. రాత్రి పదింటికి పిల్లాడికి జ్వరమొస్తే తలుపు తట్టగానే తీసేది అతనే. మేకుకు వేలాడే సంచిలో అతని కాయితం ఒక్కటీ ఉండదు. అతను చీటీ రాయడు, చేతికి బిళ్లలే ఇస్తాడు.

ఇక ఓపీ చీటీ సంగతి. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. అది 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేడన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని మూలసూత్రం. కమిటీ కల పెద్దదే. పది ఇరవై వేల జనాభాకు 75 మంచాల ఆసుపత్రి ఉండాలంది. అది కుదిరేలోపు తాత్కాలికంగా 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెట్టమంది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు ఆ కేంద్రాలు ఊళ్లలోకి వచ్చాయి. తాత్కాలికం అన్నదే శాశ్వతమైంది. 75 మంచాలు నివేదికలో ఉండిపోయాయి. పల్లెకు దక్కింది నాలుగైదు మంచాలు.

భోర్ నివేదిక వచ్చిన 1946లోనే గుంటూరు మెడికల్ కాలేజీ పుట్టింది. అప్పటికి ఆంధ్ర ప్రాంతంలో ఉన్నది 1923 నాటి విశాఖపట్నం కాలేజీ ఒక్కటే. రెండేళ్లకు, 1948 జులై 5న, బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. ప్రతి పౌరుడికీ ప్రభుత్వమే ఉచితంగా వైద్యం చేసే ఏర్పాటు అది.  ఉచితం అన్న మాట బ్రిటన్‌లో కూడా పట్టుమని మూడేళ్లు పూర్తిగా నిలవలేదు. 1951లో కట్టుడు పళ్లకు, కళ్లజోళ్లకు రుసుము పెట్టాలని ప్రభుత్వం అనేసరికి, ఎన్‌హెచ్‌ఎస్‌ను నిలబెట్టిన అనూరిన్ బెవాన్ మంత్రి పదవి వదిలేశాడు. మరుసటి ఏడాది మందుల చీటీకీ రుసుము వచ్చింది. రక్షణ ఖర్చు పెరిగింది, ఖజానా బిగుసుకుంది, కత్తెర ముందు పళ్ల మీద పడింది. ఆ దేశంలో అందరూ మెచ్చిన ఏర్పాటే లెక్కల దగ్గర అలా వంగింది.

మార్పుకు డబ్బు ఒక కారణమైతే జబ్బు ఇంకో కారణం.

1950, 60 దశకాల్లో డెల్టా గ్రామాలకు ఆరోగ్యశాఖ అంటే డీడీటీ కొట్టే మనిషి. వీపున పంపు కట్టుకుని వచ్చి, గదుల్లో సామానంతా బయట పెట్టించి గోడలకు మందు కొట్టేవాడు. పోతూపోతూ గోడ మీద తేదీ రాసిపోయేవాడు. ఆయన మలేరియా మనిషి. మశూచికి టీకాలవాడు వేరే. కుటుంబ నియంత్రణకు వచ్చేవాళ్లు ఇంకొకరు. ఒక్కో జబ్బుకు ఒక్కో సైన్యం. అయితే 1975 నాటికి మన దేశంలో మశూచి ఆగిపోయింది. జబ్బు పోయింది గానీ దానికోసం పెట్టుకున్న మనుషులు ఉన్నారు. వాళ్లనేం చేయాలి? అప్పటికే 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒక దారి చూపించింది. ఒక్కో పనికి ఒక్కొక్కరు వద్దు, అన్ని పనులూ చేసే ఆరోగ్య కార్యకర్తలు ఉంటే చాలంది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటరు, అక్కడ ఏఎన్ఎం అనే ఒక నర్సమ్మ అన్న కొలత తర్వాత స్థిరపడింది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చి ఆమె పక్కన ఆశా కార్యకర్తను నిలబెట్టింది. సంచి అడుగున ఉన్న టీకాల కార్డు ఆ ఏఎన్ఎం చేతిరాతే.

ఆ ఏర్పాటు కాన్పుకు, టీకాకు, జ్వరానికి, విరేచనాలకు సరిపడేలా కట్టుకున్నది. వచ్చే జబ్బు, తగ్గే జబ్బు. అంతలో జబ్బే మారిపోయింది. 2003–04లో గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, ఏడాదిలో ఎవరు దేనితో చనిపోయారో పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి కనుక్కున్నారు. బైర్రాజు ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేయించిన పని అది. చనిపోయినవాళ్లలో నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. అంటువ్యాధులతో పోయినవాళ్లు నూటికి 12 మంది. గుండెపోటు పట్నవాసపు కలవారి జబ్బు అన్న నమ్మకం ఆ లెక్కతో చెదిరిపోయింది. పొలం పనికి పోయే మనిషికీ అది వస్తోంది.

వచ్చి పోని జబ్బుతో చిక్కేమిటో ఆశా కార్యకర్తకు బాగా తెలుసు.

"ఏం పెద్దమ్మా, బీపీ బిళ్లలు వేసుకుంటున్నావా?"

"తగ్గిందిగదమ్మాయ్, ఇంకెందుకూ?"

"బిళ్ల వేసుకుంటున్నావు గనకే తగ్గింది పెద్దమ్మా. మానేస్తే మళ్లీ ఎక్కుద్ది."

"అట్టయితే చచ్చిందాకా మింగుతా కూచోవాలా ఏంది?"

పెద్దమ్మ ప్రశ్న ఢిల్లీలో, లండన్‌లో ఆరోగ్య మంత్రులను వేధించే ప్రశ్నే. ఒకసారి ఇచ్చే మందుకు ఒక ఖర్చు. బతికినంతకాలం నెలనెలా ఇవ్వాల్సిన మందుకు అంతులేని ఖర్చు, దానికి తోడు ఊరూరా మనిషి కావాలి. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరే వంతులవారీగా ఊళ్లకు వచ్చే ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి పుట్టింది. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో దాన్ని ప్రారంభించారు. పానగల్ రాజా కాలంలో డాక్టరును ఊళ్లో కాపురం పెట్టించాలని చూశారు. వందేళ్లకు, కనీసం చుట్టపుచూపుగానైనా రప్పించాలని చూస్తున్నారు.

మరి చదువుకున్న డాక్టర్లంతా ఎక్కడికి పోయారు? దానికి జవాబు సముద్రాల అవతల ఉంది. 1965లో అమెరికా రెండు చట్టాలు చేసింది. ఒకటి మెడికేర్, అంటే 65 ఏళ్లు దాటినవాళ్ల వైద్యానికి ప్రభుత్వ బీమా. రెండోది, చదువూ నైపుణ్యం ఉన్న ఆసియావాళ్లకు తలుపు తీసిన వలస చట్టం. ఒక చట్టం డాక్టర్ల గిరాకీ పెంచింది, ఇంకోటి వాళ్లు వచ్చే దారి వేసింది. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రులు అప్పటికే మన దేశపు డాక్టర్లతో నడుస్తున్నాయి. గుంటూరులో ప్రజల డబ్బుతో చదివినవాళ్లు బ్యాచీలకు బ్యాచీలుగా విమానం ఎక్కారు. ఒక దేశం తన వైద్యాన్ని మార్చుకుంటే ఇంకో దేశపు పల్లెలో కుర్చీ ఖాళీ అవుతుందని వాషింగ్టన్‌లో ఎవరూ అనుకుని ఉండరు.

ఆ ప్రవాహం కొంత వెనక్కీ వచ్చింది. ఉత్తర అమెరికాలోని గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల సంఘాన్ని మన పత్రికలు జింకానా అని రాస్తాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగం భవనానికి ఆ సంఘం డాక్టర్లు నిధులు పోగుచేశారు. అదే ఆవరణలో పొదిల ప్రసాద్ పేరుతో ఉన్న మిలీనియం బ్లాకు కూడా ప్రవాస డాక్టరు దాతృత్వమే. 2016లో అక్కడ డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. ప్రభుత్వాసుపత్రి, దాతల డబ్బు, బయటినుంచి వచ్చిన సర్జను, అన్నీ ఒకే ఆపరేషన్ బల్ల దగ్గర కలిశాయి.

ఇక సంచిలోని ఆరోగ్యశ్రీ కార్డు దగ్గరకు వద్దాం.

1980ల నుంచి రెండు పనులు పక్కపక్కనే జరిగాయి. 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకా, జిల్లా ఆసుపత్రుల కోసం వైద్య విధాన పరిషత్తు చట్టం చేసింది. 90లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆ ఆసుపత్రులను బాగుచేశారు. మరోవైపు 1983లో మద్రాసులో అపోలోతో కార్పొరేట్ ఆసుపత్రుల కాలం మొదలైంది. చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన ప్రతాప్ సి. రెడ్డి దాని వ్యవస్థాపకుడు. గుండెకు, మూత్రపిండాలకు, మెదడుకు వైద్యం దేశంలోకి వచ్చేసింది. కానీ దాని ధర ఎకరాల్లో ఉండేది. తండ్రి గుండె ఆపరేషన్‌కు చేను అమ్మిన కొడుకులు ప్రతి ఊళ్లో కనిపించారు. అమ్మడానికి చేను లేనివాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీలు పెట్టుకున్నారు.

ఆ అర్జీల గుట్టలోంచే ఆరోగ్యశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై 2008 నడిమికి రాష్ట్రమంతా పరచుకుంది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి తాను కూడా డాక్టరే. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే ఇంకో యాభై వేలు. ఏ కార్పొరేట్ ఆసుపత్రి మెట్లు ఎక్కడానికి జంకేవాళ్లో, ఆ ఆసుపత్రి గుమ్మంలోనే ఆరోగ్యమిత్ర అనే మనిషి బల్ల వేసుకుని వాళ్లకోసం కూర్చున్నాడు. అర్జీ కార్డైంది. చేయి చాచే పని తప్పింది.

ఇలాంటి పథకమే థాయ్‌లాండ్‌లోనూ వచ్చింది. అక్కడ 2001 ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం మరుసటి ఏడాదికి 30 బాట్లకే వైద్యం దేశమంతా వచ్చింది. ఓటే దాన్ని తెచ్చింది, తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ దాన్ని తీసేయలేకపోయాయి. ఆరోగ్యశ్రీదీ అదే కథ. పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. బోర్డులు మారాయి. పథకాన్ని ఎత్తేసే సాహసం ఎవరూ చేయలేదు. పైగా ఒకరిని మించి ఒకరు హద్దు పెంచుకుంటూ పోయారు. రెండున్నర లక్షలు, ఐదు లక్షలు, 2023 డిసెంబరులో 25 లక్షలు. తెలంగాణలో అదే నెలలో హద్దు 10 లక్షలైంది.

లోపల యంత్రం కూడా మారుతూనే ఉంది. మొదట ప్రైవేటు బీమా కంపెనీకి ప్రీమియం కట్టారు. 2008లోనే కొత్తగా చేర్చిన చికిత్సలను ప్రభుత్వ ట్రస్టు తానే నడిపింది. కంపెనీకి లాభమెందుకు పోవాలన్నది ఆనాటి వాదం. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా బీమా, ఆపైన ట్రస్టు అనే కలగలుపు పద్ధతిని ఒప్పుకుంది. బాకీలు పేరుకుపోయి ఆసుపత్రులు చికిత్సలు ఆపుతామన్నప్పుడల్లా కంపెనీ మంచిదా, ట్రస్టు మంచిదా అన్న ప్రశ్న తిరిగి లేస్తుంది. డబ్బు ఎటు పారితే వైద్యం అటు వంగడం కూడా కనిపించింది. ఒకప్పుడు అవసరం లేకపోయినా గర్భసంచులు తీసేస్తున్నారన్న గోల చెలరేగింది. అప్పుడు కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే కేటాయించారు. వాటికి వచ్చే సొమ్ము ప్రభుత్వాసుపత్రికే చేరింది.

కంపెనీల తలరాత కూడా వైద్యాన్ని మారుస్తుంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు వెనక ఉన్నది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు. గోదావరి గ్రామాల మరణాల లెక్క తీయించిన బైర్రాజు ఫౌండేషన్ కూడా ఆ కుటుంబానిదే. 2009 జనవరిలో సత్యం కుప్పకూలింది. అప్పటికి జనం నోట 108 ఒక మాటగా పాతుకుపోయింది. ఆపితే ఊరుకునేవారు కాదు. అదే ఏడాది జీవీకే సంస్థ దాన్ని చేతికి తీసుకుంది. ఆ తర్వాత చేతులు ఇంకా మారాయి. రోడ్డు మీద కూత మాత్రం ఆగలేదు.

చివరికి పటం మారినా మారుతుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది. రేపల్లె, బాపట్ల అటు వెళ్లాయి, తెనాలి, చేబ్రోలు గుంటూరులో ఉండిపోయాయి. జిల్లా కేంద్రం అన్నాక జిల్లా ఆసుపత్రి కావాలి, వైద్యాధికారి కార్యాలయం కావాలి, మెడికల్ కాలేజీ కావాలి. నిజాంపట్నం మత్స్యకారుడికి ఆ గీతతో పనిలేదు. రాత్రిపూట నొప్పి వస్తే ఇప్పటికీ రేపల్లె, తెనాలి, గుంటూరు అనే వరసలోనే అతని దారి.

చేబ్రోలు సంచి దగ్గరకు తిరిగి వద్దాం. తెల్లారుజామున పెద్దాయన ఆ సంచి చంకన పెట్టుకుని పొన్నూరు వైపు నుంచి వచ్చే బస్సు ఎక్కుతాడు. నారాకోడూరు దాటి అరగంటకు గుంటూరు. ఎనిమిదిలోపు ఓపీ వరసలో నిలబడకపోతే ఆ రోజు పోయినట్టే. పక్కన కూర్చున్నాయన "ఎక్కడ చూపించుకుంటున్నావు?" అని అడుగుతాడు. "ధర్మాసుపత్రిలోనయ్యా" అంటాడు పెద్దాయన. చొక్కా కొన్నా, డీజిలు పన్ను కలిసిన బస్సు టిక్కెట్టు కొన్నా పన్ను కడుతున్న మనిషే. అయినా ఆయన నోట్లో ఆ పాత మాటే నిలిచింది. ఆసుపత్రిలో కంప్యూటరు ముందున్న కుర్రాడు ఆయన కార్డు నంబరు కొడతాడు. ఆపరేషన్‌కు అనుమతి అడుగుతూ కాయితం లేని దరఖాస్తు ఒకటి పైకి వెళుతుంది. ఆ పథకానికి డబ్బు విడుదల చేసే సచివాలయం వెలగపూడిలో ఉంది. రుద్రమదేవి శివాచార్యులకు ఇచ్చిన ఊళ్లోనే. పెద్దాయన బల్ల మీద కూర్చుని, ఫోను చేతిలో పట్టుకుని, మెసేజి కోసం చూస్తూ ఉంటాడు.